వెబ్ ఫారంలో తెలుగు గడి: ఇన్‌పుట్ విడ్జెట్ల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వెబ్ పుటలో వివరాలు నింపే గడికి మూడు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. బ్రౌజరు ఇచ్చిన గడి చాలనప్పుడల్లా రూపకర్తలు సొంత గళ్లను నిర్మించుకున్నారు. తెలుగులో ఈ అవసరం ప్రధానంగా అలంకారం కోసం గాక లిపి కోసం పుట్టింది. 1971 నాటి టెర్మినళ్ల నుంచి ఇటీవలి వెబ్ ప్రమాణాల వరకు సాగిన పరిణామాన్ని తెలుగు టైపింగు సాధనాల అనుభవంతో కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విడ్జెట్ తేలికదనాన్ని దాని పరిమాణంతో కొలవడం చాలదనీ, బ్రౌజరు చేసే పనిని అది ఎంతవరకు చెడగొట్టకుండా ఉంచిందో చూడాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వెబ్ ఫారం, ఇన్‌పుట్ విడ్జెట్, యూనికోడ్, లిప్యంతరీకరణ, తెలుగు టైపింగు, అక్షర గణన.

1. ఉపోద్ఘాతం

కాగితపు దరఖాస్తులో గడి గీసినవారు ఏ భాషను తలచుకొని గీసినా, నింపేవారు తమ లిపిలో నింపగలరు. కాగితం అడ్డు చెప్పదు. వెబ్ ఫారంలోని గడి అలాంటిది కాదు. ఏ మీట నొక్కితే ఏ వర్ణం పడాలి, ఎన్ని వర్ణాలు పట్టాలి, నింపినది ఏ సంకేతాలుగా మారి ఎక్కడికి చేరాలి అనేవి ముందే నిర్ణయమై ఉంటాయి. ఆ నిర్ణయాలను ఎవరు, ఎప్పుడు, ఎవరిని దృష్టిలో ఉంచుకొని చేశారన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు నేటి ప్రాధాన్యం తక్కువేమీ కాదు. విశ్వవిద్యాలయ ప్రవేశం, ఉపకారవేతనం, పరిశోధన వ్యాస సమర్పణ వంటివన్నీ ఇప్పుడు ఫారం గుండానే సాగుతున్నాయి. గడి తెలుగును స్వీకరించకపోతే తెలుగు పేరు రోమన్ లిపిలోకి మారక తప్పదు. గడి తెలుగును స్వీకరించి సగంలో తెంచేస్తే నష్టం ఇంకా పెద్దది. ఎందుకంటే ఆ సంగతి నింపినవారికి వెంటనే తెలియదు.

ఈ వ్యాసంలో బ్రౌజరు తనంతట తానుగా అందించే గడిని 'సహజ గడి' అనీ, రూపకర్త దానికి బదులుగా గాని, దానిపై అదనంగా గాని నిర్మించినదానిని 'ప్రత్యేక గడి' అనీ వ్యవహరించడమైనది. విడ్జెట్ అనే మాటను ఈ రెంటికీ వర్తించే సాధారణ పదంగా వాడడమైనది.

2. పూర్వరూపం: టెర్మినల్ నుంచి మొజాయిక్ వరకు

తెరపై గళ్లు నింపి, అన్నింటినీ ఒకేసారి పంపే పద్ధతి వెబ్‌తో పుట్టినది కాదు. 1971లో ఐ.బి.ఎం. ప్రవేశపెట్టిన 3270 శ్రేణి టెర్మినళ్లలో ఈ పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రధాన కంప్యూటరు తెరపై గళ్ల నమూనాను పంపేది. ఉద్యోగి వాటిని అక్కడికక్కడే నింపి, దిద్దుకొని, చివర ఒక మీట నొక్కితే మొత్తం సమాచారం ఒక్క విడతగా వెళ్లేది. ప్రతి మీటకూ ప్రధాన కంప్యూటరును కదిలించనక్కరలేకపోవడం ఇందులోని పొదుపు. వెబ్ ఫారం ఆ పొదుపునే వారసత్వంగా పొందింది.

విడ్జెట్ అనే మాట మరొక దారిలో వచ్చింది. 1980ల ద్వితీయార్ధంలో ఎక్స్ విండో వ్యవస్థకు అనుబంధంగా తయారైన పనిముట్ల సంపుటి బొత్తాలు, జాబితాలు, రాసే గళ్లు మొదలైనవాటిని ఆ పేరుతో పిలిచింది. 1993లో డేవ్ రాగెట్ రూపొందించిన హెచ్.టి.ఎం.ఎల్.ప్లస్ ముసాయిదాలో ఫారం ప్రస్తావన ఉంది. అదే ఏడాది చివరికి ఎక్స్ విండో కోసం విడుదలైన మొజాయిక్ బ్రౌజరు నింపదగిన ఫారాలను తెరపై చూపగలిగింది. ఆ బ్రౌజరు మోటిఫ్ అనే విడ్జెట్ల సంపుటిపై నిర్మితమైనది. అందువల్ల వెబ్ పుటలో కనిపించిన గడి నిజానికి కంప్యూటరు వ్యవస్థ అందించిన గడే. పుట రాసినవారు 'ఇక్కడ ఒక గడి కావాలి' అని మాత్రమే చెప్పేవారు. కర్సరు కదలిక, ఎంపిక, అతికింపు వంటి పనులను బ్రౌజరు, దాని కింద ఉన్న వ్యవస్థ చూసుకొనేవి. సహజ గడి బలం ఈ పని విభజనలోనే ఉంది.

3. 1995 నాటి ప్రమాణం: తెలుగుకు దొరకని చోటు

1995 నవంబరులో టిమ్ బెర్నర్స్-లీ, డాన్ కొనోలీల పేర వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1866 పత్రం హెచ్.టి.ఎం.ఎల్. 2.0ను ప్రమాణీకరించింది. ఒక వరుస రాసే గడి, రహస్యపదపు గడి, టిక్కు పెట్టే గడి, అనేకంలో ఒకటి ఎంచే గడి, ఎంపికల జాబితా, పలు వరుసలు రాసే పెట్టె అందులో ఉన్నాయి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఫారాలు చాలావరకు వీటితోనే నడుస్తున్నాయి.

అయితే ఆ ప్రమాణం ఆధారపడిన వర్ణమాల ఐ.ఎస్.ఓ. 8859-1. అది పశ్చిమ యూరపు భాషలకు సరిపోయేది. ఇక్కడ ఒక కాలవైరుధ్యాన్ని గమనించాలి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల విభాగం కేటాయింపబడింది. అంటే తెలుగు వర్ణాలకు అంతర్జాతీయ సంకేతాలు ఫారం ప్రమాణం కంటే నాలుగేళ్లు ముందే ఉన్నాయి. గడికి మాత్రం వాటితో పరిచయం లేదు.

1997 జనవరిలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 2070, అదే ఏడాది డిసెంబరులో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 4.0 యూనికోడ్‌ను వెబ్ పుటకు మూల వర్ణమాలగా స్వీకరించాయి. గడి పేరును గడితో ముడివేసే లేబుల్ కూడా హెచ్.టి.ఎం.ఎల్. 4.0తోనే వచ్చింది. తెరచదువరి సాఫ్ట్‌వేర్ వాడే అంధులకు ఏ గడిలో ఏమి రాయాలో తెలియడానికి ఇదే ఆధారమైంది. తెలుగు లిపిని యూనికోడ్‌లో చూపే గౌతమి ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో గాని సాధారణ వాడుకరికి చేరలేదు. సంకేతం, ప్రమాణం, ఫాంటు ఒక చోట కలవడానికి పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల ఖాళీని వేరే ఏర్పాట్లు నింపాయి. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంటు సంకేతాలలో పుటలను ప్రచురించాయి. ముద్రణరంగంలో అను ఫాంట్లు స్థిరపడ్డాయి. ఇవి చూపుకు తెలుగే గాని, లోపల రోమన్ వర్ణాల స్థానాలను వాడుకొన్నవి. అలా టైపు చేసిన వాక్యాన్ని వెబ్ ఫారం గడిలో అతికిస్తే అర్థంలేని రోమన్ గుర్తుల వరుస ప్రత్యక్షమవుతుంది. సిద్ధాంత గ్రంథాన్ని అను ఫాంట్లలో కూర్పించుకొన్న పరిశోధకుడు దాని సంగ్రహాన్ని ఆన్‌లైన్ ఫారంలో సమర్పించబోయినప్పుడు నేటికీ ఎదురయ్యే చిక్కు ఇదే.

యూనికోడ్ వచ్చాక మరొక రకం చిక్కు బయటపడింది. పాత వర్ణమాలలో ప్రకటించిన పుటలోని గడిలో తెలుగు టైపు చేస్తే, బ్రౌజరు ఆ వర్ణాన్ని సంఖ్యా సంకేతంగా మార్చి పంపేది. 'స' అనే వర్ణం &#3128; అనే ఏడు గుర్తులుగా చేరేది. తెరపై తిరిగి చూపినప్పుడు తెలుగే కనిపించేది కనుక లోపం దాగిపోయేది. ఆ సమాచారంలో వెతకబోయినప్పుడు గాని, అకారాది క్రమంలో పెట్టబోయినప్పుడు గాని అది బయటపడేది.

4. ప్రత్యేక గళ్ల కాలం

1995 చివర నెట్‌స్కేప్ ప్రకటించిన జావాస్క్రిప్ట్ భాషతో గడి స్వభావం మారింది. నింపినదాన్ని పంపకముందే సరిచూడడం దాని తొలి ఉపయోగాలలో ఒకటి. క్రమంగా గడిని సరిచూడడం నుంచి గడినే తయారుచేయడం వరకు ఆ పని విస్తరించింది. 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో పుటలోని ఏ భాగాన్నైనా రాయదగినదిగా మార్చే సౌకర్యం వచ్చింది. 2004 చివర గూగుల్ సజెస్ట్ టైపు చేస్తుండగానే సూచనలు చూపే గడిని ప్రజలకు పరిచయం చేసింది. 2006లో జేక్వెరీ, 2007లో దాని అనుబంధమైన జేక్వెరీ యూఐ వెలువడిన తర్వాత తేదీ ఎంచే పంచాంగపు గడి వంటివి సాధారణమయ్యాయి.

ఈ గళ్ల నిర్మాణంలో ఒక పోలిక ఉంది. సహజ జాబితాను దాచి, దాని స్థానంలో సాధారణ పెట్టెలతో కొత్త జాబితాను గీస్తారు. ఎంచిన విలువను కనిపించని గడిలో ఉంచి పంపుతారు. చూపుకు ఇది మెరుగే. కాని బ్రౌజరు ఉచితంగా ఇచ్చినవన్నీ ఆ క్షణంలో పోతాయి. ట్యాబ్ మీటతో గడిలోకి రావడం, బాణపు మీటలతో కదలడం, మొదటి అక్షరం నొక్కి ఎంపికకు చేరడం, లేబుల్‌తో ముడి, తెరచదువరికి అందే పేరు, ఫోనులో పెద్దగా తెరుచుకొనే జాబితా వంటివాటిలో ప్రతిదాన్నీ తిరిగి రాయాలి. రాయనివారి ఫారంలో మౌసు వాడలేని వ్యక్తి చిక్కుకొంటాడు.

2014 మార్చిలో ప్రమాణమైన వై-ఏరియా 1.0 ఈ నష్టాన్ని పూడ్చే మార్గం చూపింది. ప్రత్యేక గడి తాను జాబితానో, జారుడు మీటనో తెరచదువరికి చెప్పుకొనే పదజాలాన్ని అది ఇచ్చింది. అయితే దానిని వాడే విధానంలో చెప్పిన మొదటి నియమమే, తగిన సహజ గడి ఉన్నచోట దానినే వాడమని. పేరు పెట్టినంత మాత్రాన పనితీరు రాదన్న ఎరుక ఆ నియమంలో ఉంది.

5. తెలుగు గడి: మూడు మార్గాలు

పై విడ్జెట్లు చాలావరకు రూపం కోసం, సౌలభ్యం కోసం వచ్చినవి. అదే కాలంలో తెలుగువారు నిర్మించుకొన్న గళ్ల లక్ష్యం వేరు. 1986 నాటి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక ఉన్నా, అది నేర్చినవారు తక్కువ. వాడుకరుల ముందున్నది రోమన్ మీటల పలక. కనుక రోమన్‌లో రాసినదాన్ని తెలుగులోకి మార్చే పని గడిపైనే పడింది. ఇందుకు ప్రాతిపదిక అప్పటికే సిద్ధంగా ఉంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్.టి.ఎస్.గా ప్రసిద్ధమైన లిప్యంతరీకరణ పద్ధతి, వెబ్ విస్తరించకముందే ఇంటర్నెట్ చర్చాబృందాలలోని తెలుగువారికి అలవాటైనది. తెలుగు గడి నిర్మాణంలో మూడు మార్గాలను గుర్తించవచ్చు.

మొదటిది, గడి పక్కన గడి. 2006లో వచ్చిన లేఖిని దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఒక పెట్టెలో రోమన్‌లో రాస్తే మరొక పెట్టెలో యూనికోడ్ తెలుగు కనిపిస్తుంది. దానిని నకలు తీసి కావలసిన ఫారంలో అతికించాలి. ఇందులో వాడుకరికి శ్రమ ఎక్కువ. కాని గమ్యస్థానంలోని గడిని ఇది ముట్టుకోదు. ఆ ఫారం యూనికోడ్‌ను అంగీకరిస్తే చాలు. తెలుగు బ్లాగుల తొలి తరంలో చాలామంది రచన ఈ మార్గంలోనే సాగింది.

రెండవది, గడిలోనే మార్పు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఈ అవసరం బలంగా ఉండేది. అక్కడ ప్రతి పాఠకుడూ రచయిత కాగలడు. రాసే పెట్టెలోనే తెలుగు పడకపోతే ఆ అవకాశం అక్కరకు రాదు. వికీమీడియా ప్రాజెక్టులలో నారాయం అనే పొడిగింపు, 2013లో దాని స్థానంలోకి వచ్చిన సార్వత్రిక భాషా ఎంపిక సాధనం ఈ పని చేశాయి. కర్సరుకు ముందున్న కొద్దిపాటి వర్ణాలను చూసి, నియమాల పట్టిక ప్రకారం వాటిని మార్చడం వీటి పద్ధతి. 'క్' తర్వాత అచ్చు మీట పడితే పొల్లు తొలగి గుణింతం రావాలి. వెనక్కి చూడకుండా ఇది సాధ్యం కాదు. నియమాలన్నీ పుటలోనే ఉంటాయి కనుక ప్రతి మీటకూ సర్వరును అడగనక్కరలేదు.

మూడవది, దూరపు సర్వరు ఊహించే మార్గం. గూగుల్ లిప్యంతరీకరణ సేవ ఏ పుటలోని గడికైనా తగిలించుకొనే వీలు కల్పించింది. రోమన్‌లో పదం రాసి ఖాళీ మీట నొక్కితే ఆ పదం సర్వరుకు వెళ్లి తెలుగు రూపంతో తిరిగి వచ్చేది. నియమాలు నేర్వనక్కరలేదు. అలవాటైన రోమన్ వర్ణక్రమాన్ని అది ఊహించేది. పుట రాసేవారికి కొద్ది వరుసల పని. కాని 2011లో గూగుల్ ఆ సేవను విరమణ జాబితాలో చేర్చింది. చూడడానికి అతి తేలికైన విడ్జెట్, తన బరువంతా ఇతరుల సర్వరుపై మోపినదని అప్పుడు స్పష్టమైంది.

6. మీటల పలక మారినప్పుడు

ఈ మార్గాలకు పెద్ద పరీక్ష చేతిఫోను రూపంలో వచ్చింది. గడిలోనే మార్పు చేసే విడ్జెట్లు 'ఏ మీట నొక్కారు' అన్న సమాచారంపై ఆధారపడ్డాయి. ఫోనులో మీటలే లేవు. తెరపై గీసిన పలక పదాన్ని ఊహించి, దిద్ది, ఒక ముక్కగా అందిస్తుంది. ఆండ్రాయిడ్ బ్రౌజర్లలో చాలా సందర్భాలలో విడ్జెట్‌కు అందేది 229 అనే ఒకే సంఖ్య. పదం ఇంకా కూర్పులో ఉందని మాత్రమే దాని అర్థం. మీటను అడ్డగించి, తన వర్ణాన్ని చొప్పించే విడ్జెట్ అక్కడ నిస్సహాయమవుతుంది. వాడుకరి ఫోనులోనే తెలుగు పలకను ఎంచుకొన్నప్పుడు అది సాయపడకపోగా కూర్పుకు అడ్డు కూడా రావచ్చు.

చైనా, జపాన్ భాషల వాడుకరులకు ఈ 'కూర్పు దశ' ముందునుంచీ తెలిసినదే. బ్రౌజర్లు కూర్పు మొదలు, కొనసాగింపు, ముగింపు అనే మూడు సంకేతాలను అందిస్తాయి. వాటిని గౌరవించిన విడ్జెట్ మీటలను కాకుండా ఫలితాన్ని గమనిస్తుంది. కూర్పు సాగుతున్నంతసేపు జోక్యం చేసుకోదు. గడిలోని పాఠమంతటినీ తిరగరాయకుండా చివరి పదాన్ని మాత్రమే మారుస్తుంది. పాఠమంతా తిరగరాస్తే కర్సరు చివరకు దూకుతుంది. చేసిన పనిని వెనక్కి తీసుకొనే సౌకర్యమూ చాలా బ్రౌజర్లలో పోతుంది. పేరా మధ్యలో ఒక గుణింతం దిద్దుకోబోయిన రచయితకు ఇది చిన్న ఇబ్బంది కాదు.

7. అక్షరాల లెక్క: దాగిన నిర్ణయం

గడిలో తెలుగు పడడంతో సమస్య తీరదు. ఎంత పట్టాలన్నది మరొక నిర్ణయం. సహజ గడికి విధించే గరిష్ఠ నిడివి తెలుగువారి అక్షరాన్ని లెక్కించదు. లోపలి సంకేత ప్రమాణాలను లెక్కిస్తుంది. 'స్త్రీ' మనకు ఒక అక్షరం. గడికి అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. యు.టి.ఎఫ్-8లో ఒక్కో వర్ణానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. ఫారం దానిని సాధారణ పద్ధతిలో పంపేటప్పుడు ఒక్కో బైటు మూడు గుర్తులై 54 గుర్తులవుతుంది.

'వేంకట లక్ష్మీనరసింహాచార్యులు' అనే పేరును తీసుకొందాం. ఇందులో 12 అక్షరాలు, ఒక ఖాళీ ఉన్నాయి. గడి లెక్కలో ఇవి 28. ఇరవైకి పరిమితమైన గడిలో ఈ పేరు 'వేంకట లక్ష్మీనరసింహా' దగ్గర ఆగిపోతుంది. సమాచార నిధిలో 30 బైట్ల నిడివి మాత్రమే కేటాయించి, మిగిలినదాన్ని కోసేసే ఏర్పాటు ఉంటే 'వేంకట లక్ష' వరకు వచ్చి, తర్వాతి పొల్లు మూడు బైట్లలో రెండింటి దగ్గర తెగిపోతుంది. చివర మిగిలేది ఏ వర్ణమూ కాని శకలం. రోమన్ వర్ణాలకు మాత్రమే అనుమతినిచ్చే సరిచూపు నియమం ఉన్నచోట ఈ పేరు మొదటి వర్ణం దగ్గరే తిరస్కృతమవుతుంది. ఇంటిపేరు ముందు రాసే తెలుగు సంప్రదాయానికి 'మొదటి పేరు, చివరి పేరు' అనే గళ్ల జంట ఎంతవరకు సరిపోతుందన్నదీ ఇటువంటి ప్రశ్నే.

ఈ లెక్క విషయంలో ప్రమాణమే ఆలస్యంగా మారింది. వాడుకరి ఒకటిగా భావించే అక్షరపు హద్దులను నిర్ణయించే యూనికోడ్ నియమాలు చాలాకాలం 'స్త్రీ'ని మూడు ముక్కలుగా (స్, త్, రీ) పరిగణించాయి. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమాన్ని తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేర్చింది. తెలుగు ఛందశ్శాస్త్రం ఎప్పటినుంచో ఒకటిగా లెక్కించినదానిని యంత్ర ప్రమాణం అంగీకరించడానికి తొలి సంచిక తర్వాత 32 ఏళ్లు పట్టింది.

8. ప్రమాణంలోకి పునరాగమనం

ప్రత్యేక గళ్ల విస్తరణను ప్రమాణకర్తలు గమనించకపోలేదు. 2003 అక్టోబరులో ఎక్స్‌ఫారమ్స్ 1.0 ఒక సమగ్ర ప్రణాళికను ముందుంచింది. ఉన్న ఫారాన్ని విడిచి కొత్తదానికి మారమన్న ఆ ప్రతిపాదనను బ్రౌజరు నిర్మాతలు స్వీకరించలేదు. 2004లో ఏర్పడిన వాట్‌డబ్ల్యుజి బృందం ఉన్నదానినే పెంచే దారి పట్టింది. ఆ కృషి ఫలితంగా 2014 అక్టోబరులో ప్రమాణమైన హెచ్.టి.ఎం.ఎల్.5లో ఈమెయిలు, సంఖ్య వంటి గడి రకాలు చేరాయి. అవి తెలియని పాత బ్రౌజరు వాటిని మామూలు రాతగడిగా చూపుతుంది. ఫారం ఆగిపోదు.

తర్వాతి మెట్టు, రూపకర్త నిర్మించిన గడికి సహజ గడి హోదా ఇవ్వడం. సొంత మూలకాన్ని ఫారంలో భాగంగా నమోదు చేసి, దాని విలువను, సరిచూపు ఫలితాన్ని బ్రౌజరుకే అప్పగించే వీలు 2019లో క్రోమ్‌లో, 2022లో ఫైర్‌ఫాక్స్‌లో, 2023లో సఫారీలో వచ్చింది. విలువను కనిపించని గడిలో దాచిపెట్టే పాత ఉపాయం అవసరం తీరింది. అయితే సహజ గడినే నేరుగా విస్తరించే మరొక పద్ధతిని సఫారీ నిర్మాతలు అంగీకరించలేదు. అందువల్ల రాతగడి విషయంలో, సహజ గడిని అలాగే ఉంచి దాని చుట్టూ అదనపు సౌకర్యాన్ని కట్టడమే నేటికీ అన్ని బ్రౌజర్లలో నిలిచే దారి.

ఈ చరిత్ర వెలుగులో తెలుగు ఫారం కోసం తేలికైన విడ్జెట్ రూపురేఖలు ఇలా ఉండాలి. రాతగడి బ్రౌజరుదే కావాలి. దానికి లేబుల్ ఉండాలి. భాష తెలుగు అని ప్రకటించాలి. అప్పుడే తెరచదువరి తెలుగు గొంతును ఎంచుకోగలదు. లిప్యంతరీకరణ వాడుకరి కోరినప్పుడే పనిచేయాలి. కూర్పు దశలో మౌనం వహించాలి. నిడివిని అక్షరాలలో చూపి, నిల్వను బైట్లలో తగినంత కేటాయించాలి. జావాస్క్రిప్ట్ చేరకపోయినా గడి నింపదగినదిగా, పంపదగినదిగా మిగలాలి.

9. ముగింపు

1. వెబ్ గడి తొలి ప్రమాణంలోని వర్ణమాల పశ్చిమ యూరపు భాషలను దృష్టిలో ఉంచుకొన్నది. తెలుగుకు యూనికోడ్ సంకేతాలు 1991లోనే ఉన్నా, ప్రమాణం, ఫాంటు వాటితో కలవడానికి పదేళ్లు పట్టింది.

2. ఇతరత్రా ప్రత్యేక గడి రూపం కోసం, సౌలభ్యం కోసం పెరగగా, తెలుగులో అది లిపి ప్రవేశం కోసం పెరిగింది. లేఖిని, వికీపీడియా టైపింగు సాధనాలను తెలుగు లిఖిత సంస్కృతి చరిత్రలో భాగంగా అధ్యయనం చేయవలసి ఉంది.

3. సహజ గడిని ముట్టని మార్గం వాడుకరికి శ్రమ కలిగించినా ఫారం మీద ఆధారపడకుండా నిలిచింది. మీటలను అడ్డగించిన మార్గం ఫోను రాకతో బలహీనపడింది. దూరపు సర్వరును నమ్మిన మార్గం ఆ సేవతోనే అంతరించింది. కనుక తేలికదనానికి కొలత కిలోబైట్లు మాత్రమే కావు. బ్రౌజరు పనిలో విడ్జెట్ ఎంత తక్కువ జోక్యం చేసుకొన్నదన్నదీ కొలతే.

4. గడి నిడివి సాంకేతిక వివరంగా కనిపించే సాంస్కృతిక నిర్ణయం. తెలుగు శాఖలు, విశ్వవిద్యాలయాలు తమ ఫారాలను రూపొందించుకొనేటప్పుడు అక్షర గణన, పేరు క్రమం, వర్ణాల అనుమతి అనే మూడింటిని భాషావేత్తల సమక్షంలో నిర్ణయించుకోవడం అవసరం. ఛందస్సులో గణాలు లెక్కించడం నేర్చినవారికి ఈ లెక్క కొత్తది కాదు. ఫారం రూపకల్పన సమయంలో వారిని పిలవడమే ఇంతవరకు జరగవలసినంతగా జరగలేదు.